వార్తల్లో పదం: టూల్ డిస్క్రిప్షన్

టికెట్ బుక్ చేయాలన్నా, ఫైల్ వెతకాలన్నా ఏఐ ఏజెంట్ ఏదో ఒక టూల్‌ను పిలవాలి. ఆ టూల్ లోపలి కోడ్ సాధారణంగా ఏజెంట్‌ను నడిపే ఏఐ మోడల్‌కు కనిపించదు. పేరు, ఇవ్వాల్సిన వివరాల జాబితా, నాలుగు వాక్యాల వివరణ... అవే దిక్కు. ఆ వివరణే టూల్ డిస్క్రిప్షన్. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ తెచ్చిన, ఏఐని టూల్స్‌తో కలిపే ప్రమాణమైన మోడల్ కాంటెక్స్ట్ ప్రొటోకాల్‌లోనూ ఇదొక భాగం.

వివరణలో ఉత్తినే ‘తేదీ ఇవ్వాలి’ అని రాస్తే, 03-04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? ‘సంవత్సరం, నెల, రోజు వరుసలో, ఉదాహరణకు 2025-04-03’ అంటే తికమక ఉండదు. టూల్‌ను ఎప్పుడు వాడకూడదో చెప్పడం ఇంకా ముఖ్యం. చాలామంది వదిలేసేదీ అదే. అలాగని పేజీలకు పేజీలు నింపితే టోకెన్ల (మోడల్ చదివే పదాల ముక్కల) ఖర్చు పెరుగుతుంది. ఈ వివరణలోనే దొంగ ఆదేశాలు దాచి ఏజెంట్‌ను దారి మళ్లించే దాడిని ‘టూల్ పాయిజనింగ్’ అంటున్నారు.