వ్యవసాయపు యాప్‌లు: తయారుచేయువారికి ప్రోత్సాహము, రైతుకు ప్రయోజనము

2025 వానకాలపు పత్తిని మద్దతు ధరకు అమ్ముకొనుటకు భారత పత్తి సంస్థ వారి కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా తేదీ ఖాయము చేసికొనవలసి వచ్చినది. నర్మెట్ట వంటి పత్తి పండించు మండలములలో సెల్‌ఫోను కూడ నాగలి, గుంటకల సరసన చేరినదన్నమాట. అయితే ఇట్టి యాప్‌లను ఎవరు తయారుచేయుదురు? వారికి కలుగు లాభమేమి? ఈ సంగతి తెలిసినచో ఏ యాప్‌ను ఎంతవరకు నమ్మవచ్చునో మీరే తేల్చుకొనగలరు.

ఖర్చు ఎక్కడ?

యాప్ తయారుచేయుట బోరు వేయించుట వంటిది. బోరు వేయించు ఖర్చు ఒక్కసారిది. మోటారు మరమ్మతు ఏటేటా తప్పదు. అట్లే సమాచారము నిల్వ ఉంచు కంప్యూటర్లకు అద్దె, కొత్త ఫోనులకు తగిన మార్పులు, ప్రతి పంటకు కొత్త సలహాలు యాప్‌కు కావలెను. ఈ ఖర్చును ఎవరో ఒకరు భరింపవలసినదే.

నగదు బహుమతులు

2007లో గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ యాప్‌లు చేయువారికై కోటి డాలర్ల బహుమతులు ప్రకటించినది. అప్పటికి ఆ ఫోనులు బజారుకు రానేలేదు. యాప్‌లు లేనిదే ఫోను కొనువారుండరని ఆ సంస్థ ముందే గ్రహించినది. మన దేశములో 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఆత్మనిర్భర్ భారత్ యాప్ పోటీ పెట్టగా 6,940 దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క విభాగమునకు మొదటి బహుమతి 20 లక్షలు, రెండవది 15 లక్షలు, మూడవది 10 లక్షల రూపాయలు. వ్యవసాయమునకు వ్యాపార విభాగములో చోటు లభించినది.

కాని ఆ పోటీలో గెలుపొందిన ‘కూ’ అను యాప్ 2024లో మూతపడినది. బహుమతి విత్తనము వంటిది. మొలిచిన పిదప నీరందనిచో పైరు నిలువదు.

మన రాష్ట్రములో

నగదు ఒక్కటే ప్రోత్సాహము కాదు. 2015లో హైదరాబాదున ప్రారంభమైన టి-హబ్, 2021లో రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయములో వెలసిన అగ్‌హబ్ కొత్త సంస్థలకు చోటు, నిపుణుల సలహా, పెట్టుబడిదారుల పరిచయము కల్పించుచున్నవి. వ్యవసాయపు లెక్కలను ఒకచోట అందించుటకై 2023 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వము అడెక్స్ అను వేదికను ప్రారంభించినది. యాప్ చేయువానికి మంచి లెక్కలు దొరకుట రైతుకు మంచి విత్తనము దొరకుట వంటిదే.

ఖమ్మము జిల్లాలో ‘సాగు బాగు’ పథకము క్రింద సుమారు 7,000 మంది మిరప రైతులతో ఇట్టి సాధనములను ప్రయోగించి చూచిరి. ఎకరా దిగుబడి 21 శాతము పెరిగినదని, పురుగుమందుల వాడకము 9 శాతము తగ్గినదని నిర్వాహకులు ప్రకటించిరి. తమ సాధనమును నిజమైన చేలలో పరీక్షించుకొను అవకాశము తయారీదారులకు పెద్ద బహుమానము.

ఉచితమనినచో విచారింపుడు

కొన్ని యాప్‌లకు రాబడి ప్రకటనల వలనను, ఎరువులు, మందుల అమ్మకముల మీది కమీషను వలనను వచ్చును. ఇందులో తప్పు లేదు. కాని మందు అమ్మిననే రాబడి వచ్చు యాప్, మందు అవసరములేదని చెప్పుటకు వెనుదీయవచ్చును. కావున ఈ జాగ్రత్తలు పాటింపుడు:

1. యాప్ ఎవరిదో, దానికి రాబడి ఎట్లు వచ్చునో విచారింపుడు.

2. మందు కొట్టుమని యాప్ చెప్పినచో, కొనుటకు ముందు మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడుగుడు.

3. ఆధార్, బ్యాంకు వివరములు అవసరమునకు మించి ఇవ్వకుడు. ఫోనుకు వచ్చిన ఓటీపీని ఎవరికిని చెప్పకుడు.

4. సలహా తప్పినచో ఊరకుండక, యాప్ దొరకు చోటనే మీ అభిప్రాయము వ్రాయుడు. వ్రాయలేనివారు రైతువేదికలో చెప్పవలెను.

గ్రామాధికారులు ఈ అభిప్రాయములను సేకరించి పై అధికారులకు పంపుట మంచిది. గులాబీ రంగు పురుగు ఉధృతిని ముందుగా తెలుపు యాప్ కావలెనా, భూగర్భజల మట్టమును తెలుపునది కావలెనా అని నర్మెట్ట రైతు చెప్పిననే తయారీదారునకు తెలియును. పోటీ బహుమతి అతనికి ఒక్కసారి అందును. మీ వాడుకయు, మీ విమర్శయు ఆ యాప్‌ను ఏటేటా బాగుచేయును.