ఆటలో కొత్త జాతి ఎట్లా పుడుతుంది?

సెలవుల్లో మా బావ ల్యాప్‌టాప్‌లో ఒక ఆట చూశాను. పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. ఎక్కడెక్కడివాళ్లో ఇంటర్నెట్‌లో కలిసి ఆడే మాయలోకపు ఆట. 2004లో అది వచ్చినప్పుడు మనం ఎంచుకోడానికి 8 జాతులే ఉండేవి. వాటిలో టారెన్లకు ఎద్దు తల. 2018లో టారెన్లలోనే హైమౌంటెన్ అనే కొండజాతిని కలిపారు.

అంతా మొదటినుంచి చెయ్యరు. పాత శరీరానికే దుప్పి కొమ్ముల్లాంటివి పెట్టారు. ఒక కథ, కొన్ని శక్తులు ఇచ్చారు. శక్తులు మరీ ఎక్కువైతే ఆట చెడిపోతుంది. మన పులి-మేకలో ఇంకో రెండు పులుల్ని కలిపి చూడండి, మేకలవాడు ఏడవాల్సిందే!

ఇలాంటి ఆటలకు తాత వంటిది 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని 2016 నాటి పుస్తకం ఒకదానిలో ఓర్క్ జాతిని ఎంచుకుంటే తెలివిలో 2 పాయింట్లు కోత. పుట్టుకతోనే! 2020లో ఆ కోత తీసేశారు. 2024 పుస్తకంలో తెలివి, బలం పెరగడం జాతిని బట్టి కాదు, పాత్ర పెరిగిన తీరును, నేర్చిన పనిని బట్టి అన్నారు.

ఇది విన్నప్పుడు నాకు చిన్నప్పటి మాట గుర్తొచ్చింది. "తండా పిల్లగానికి లెక్కలేమొస్తయ్" అని ఒకాయన అన్నాడు. ఈసారి లెక్కల్లో నాకు 82.

మనం ఆట తయారుచేస్తే కొమ్ములు, వేషం, కథ జాతిని బట్టి ఇద్దాం. తెలివిని మాత్రం ఆడేవాడికే వదిలేద్దాం.

– 9వ తరగతి విద్యార్థి