పెన్న ఒడ్డున పుష్పగిరి

కమలాపురము చెంత పాపాఘ్ని పెన్నలో కలియుచున్నది. అచటినుండి నది వెంట దిగువకు వచ్చినచో, కడపకు సుమారు 16 కిలోమీటర్ల దూరమున, పుష్పగిరి కానవచ్చును. నదీతీరపు ఊళ్లనగానే కాశీ మెట్లు, రాజమహేంద్రి రేవులు స్మరణకు వచ్చుట సహజము. పుష్పగిరి తీరు వేరు. ఇచట ఏరు ఏడాదిలో అధికభాగము ఇసుకయే. ఆ ఇసుకకు ఈవల ఊరును, వైద్యనాథుని ఆలయమును. ఆవల కొండయు, చెన్నకేశవుని ఆలయమును ఉన్నవి.

ఒకే క్షేత్రము రెండు గట్లకు పంచబడుట చూచువారికి వింతగా తోచును. కాని సీమవాసికి ఎండిన పెన్నయే బాట. ఇసుకలో చెలమ త్రవ్వినచో నీరూరును. వరద వెళ్లిన పిదప ఆ నీటిని దాచునది ఇసుకయే. ఇసుక తరలిపోయిన చోట చెలమయు ఎండును. ఈ సంగతి ఏటి ఒడ్డువారికి ఒకరు చెప్పనక్కరలేదు.

స్థలపురాణము సైతము నీటిచుట్టే తిరుగును. గరుత్మంతుడు తెచ్చుచున్న అమృతము నుండి ఒక చుక్క ఇచటి కొలనులో పడెనట. అందు మునిగినవారు చావు లేనివారగుచుండగా, దేవతలు వెరచి హనుమంతునిచే ఒక కొండను తెచ్చి వేయించిరట. ఆ కొండ మునుగక పువ్వువలె తేలెనట! వానకు మొగము వాచిన సీమలో అమృతపు కొలను కథ పుట్టుటలో ఆశ్చర్యమేమున్నది?

చరిత్ర ఇంతకంటె గట్టిది. సమీపమునందలి వల్లూరు 13వ శతాబ్దమున కాయస్థ నాయకుల రాజధాని. కాకతీయులకు సామంతులై వర్ధిల్లిన ఆ వంశమున పుట్టిన అంబదేవుడే రుద్రమదేవిపై తిరుగుబాటు చేసెను. విజయనగర కాలమున కొండమీది ఆలయమునకు శిల్పశోభ హెచ్చినది.

చెన్నకేశవాలయపు వెలిగోడల యొద్ద ఎవరైనను తీరికగా నిలువవలసినదే. ఏనుగుల బారులు, గుఱ్ఱముల బారులు, నర్తకీమణులు, వారి నడుమ పురాణ ఘట్టములు. అందు కిరాతార్జునుల కథయు కలదు. విష్ణ్వాలయపు గోడపై, బోయవేషమున వచ్చిన శివుడు అర్జునునితో పోరాడుచున్నాడు! నన్నయ అరణ్యపర్వమున ఈ ఘట్టమును చదువుకొను విద్యార్థికి ఇంతకు మించిన వ్యాఖ్యానము దొరకదు. అయినను మన బడిపిల్లల విహారయాత్రలు హంపికి సాగునంతగా ఇచటికి సాగవు. ఈ ఆవరణములోనే ఉమామహేశ్వరుడును, సంతానమల్లేశ్వరుడును కొలువై యున్నారు. వైష్ణవులు దీనిని మధ్యాహోబిలమనియు, శైవులు మధ్యకైలాసమనియు పిలుతురు. పేరు విషయమున ఏకీభవింపకున్నను ఉభయులును ఒకే వాకిట అడుగిడుచున్నారు. అద్వైత సంప్రదాయమునకు చెందిన పుష్పగిరి పీఠమునకు పేరిచ్చినదియు ఈ స్థలమే.

పెన్నను ఎల్లప్పుడును ఇసుకయని తలచుట పొరపాటు. 2021 నవంబరు వరదలలో కమలాపురము కడ పాపాఘ్నిపై వంతెన కూలిపోయినది. పూర్వులు కేశవుని ఆలయమును ఏటి పల్లమున గాక మెట్లెక్కి పోవలసిన కొండవాలున నిలుపుటకు కారణము అట్టి రోజులలో తెలియును. నీరు తీయువరకు ఈవలివారు గట్టుననే నిలిచి, ఆవలి కొండకు చేతులెత్తి మ్రొక్కి, వెనుదిరుగుదురు.