పలక చాలునా, ల్యాప్‌టాప్ కావాలా?

ఒకచోట కుదురుగా కూర్చొనే వీలు లేక ఊళ్లు తిరుగుతూ పనిచేసుకొనే విలేకరులు, న్యాయవాదులు, ఆడిటర్లు, అనువాదకులు ల్యాప్‌టాప్‌కు బదులు టాబ్లెట్ తీసుకువెళ్తే పని జరుగుతుందా అన్నది దుకాణంలో అడిగితే తేలే ప్రశ్న కాదు, ఎందుకంటే దానికి జవాబు వస్తువులో కన్నా చేసే పనిలోనే ఎక్కువగా ఉంది. టాబ్లెట్ అంటే తెరనే వేలితోనో, స్టైలస్ అనే కలంతోనో తాకి నడిపే పలక ఆకారపు కంప్యూటర్. కీబోర్డు దానికి అవసరమైనప్పుడు తగిలించుకొనే అదనపు సరంజామా మాత్రమే. అమెరికా శాస్త్రవేత్త అలన్ కే 1972లోనే పిల్లల చదువు కోసం డైనాబుక్ అనే పేరుతో చేతిలో ఇమిడే కంప్యూటర్‌ను ఊహించినా, 2010లో ఆపిల్ సంస్థ 680 గ్రాముల ఐప్యాడ్‌ను అమ్మకానికి పెట్టిన తరువాతే అటువంటి వస్తువు జనంలోకి విస్తారంగా వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన ఆకాశ్ టాబ్లెట్లను హైదరాబాదులోనే కూర్చారు గనుక, తెలుగు నేలకు ఈ పలకతో పరిచయం తొలినాళ్ల నుంచీ ఉన్నదే.

టాబ్లెట్ తేలిక అన్న మాటను తూకం వేసి నమ్మడం మంచిది. 2022లో వచ్చిన 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో 682 గ్రాములే అయినా, దానికోసం అదే సంస్థ అమ్మే మ్యాజిక్ కీబోర్డు సుమారు 700 గ్రాములు ఉంటుంది కాబట్టి రెండూ కలిస్తే, అదే ఏడాది వచ్చిన 1.24 కిలోల మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్ కన్నా బరువెక్కుతాయి. అందువల్ల రోజంతా టైపు చేసేవారికి టాబ్లెట్‌తో భుజానికి కలిగే సుఖం స్వల్పమే; కీబోర్డును ఇంట్లో వదిలి వెళ్లగలిగినవారికే ఆ తేలికదనం దక్కుతుంది.

విద్యుత్తు విషయంలో మాత్రం టాబ్లెట్‌దే నిస్సందేహంగా పైచేయి. బ్యాటరీలో నిలవ ఉండే శక్తిని వాట్ అవర్లలో, అంటే ఇన్ని వాట్ల చొప్పున ఇన్ని గంటలు అన్న లెక్కలో కొలుస్తారు. 2022 నాటి పదో తరం ఐప్యాడ్ బ్యాటరీలో 28.6 వాట్ అవర్లు, పైన చెప్పిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 52.6 వాట్ అవర్లు పడతాయి. సాధారణంగా అందరి దగ్గరా ఉండే 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకులో ఉండేది దాదాపు 37 వాట్ అవర్లు కనుక, మధ్యలో కొంత వృథా అయినా అది టాబ్లెట్‌ను ఒకసారి ఇంచుమించు నింపగలదు, ల్యాప్‌టాప్‌కైతే సగం దాకా వస్తుంది. రైలు పెట్టెలో ప్లగ్గు ఉండి పనిచేయనప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది.

టాబ్లెట్ నిజంగా రాణించేది చదివి, దిద్ది, సంతకం చేసి పంపవలసిన పనులలో. ప్రూఫులు దిద్దే వ్యక్తి పత్రిక పుటను పీడీఎఫ్ రూపంలో తెర మీద తెరిచి, వేళ్లతో అక్షరాలను పెద్దవి చేసుకొని, ఒత్తు తప్పిన చోట స్టైలస్‌తో సున్న చుట్టి, అంచులో సరైన రూపం రాసి పంపిస్తే, కాగితం మీద ఎర్ర సిరాతో దిద్దిన అలవాటు చెడకుండానే పని పూర్తవుతుంది. నిటారుగా నిలిచే ల్యాప్‌టాప్ తెర మీద ఈ పనిని మౌస్‌తో చేయడం చేతికి శిక్ష. కక్షిదారు ఎదుట దస్తావేజు తిరగవేసే న్యాయవాదికీ, ఇల్లిల్లూ తిరిగి వివరాలు నమోదు చేసే ఆరోగ్య కార్యకర్తకూ ఇదే సౌకర్యం వర్తిస్తుంది, ఎందుకంటే నిలబడి ఒక చేత్తో పట్టుకొని రెండో చేత్తో పనిచేయగలిగే కంప్యూటర్ ఇదొక్కటే.

చిక్కు వచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర, అంటే యంత్రానికీ అందులోని ప్రోగ్రాములకూ మధ్య నిలిచి అన్నిటినీ నడిపే మూల వ్యవస్థ దగ్గర. ఐప్యాడ్‌కు పెన్‌డ్రైవ్ తగిలించుకొనే వీలు 2019లోనూ, మౌస్ పూర్తి స్థాయిలో వాడుకొనే వీలు 2020లోనూ వచ్చి దూరం చాలా తగ్గినా, ఎక్సెల్‌లో పదేపదే చేసే పనిని తనంతట తానే జరిగేలా రాసిపెట్టుకొనే మాక్రోలు ఐప్యాడ్‌లోనూ ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లోనూ నడవవు. ఆడిటర్లు రిటర్నులు దాఖలు చేయడానికి వాడే డిజిటల్ సంతకపు డాంగిల్ కూడా మామూలుగా కంప్యూటర్‌నే కోరుతుంది. ఇటువంటి పని నెలలో నాలుగుసార్లు వచ్చినా ల్యాప్‌టాప్ వదులుకోకపోవడమే క్షేమం.

అయితే తెలుగులో రాసేవారికి వీటన్నిటికన్నా పెద్ద అడ్డంకి మరొకటుంది. అచ్చు పనికి దశాబ్దాలుగా వాడుకలో ఉన్న అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యల మీద తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టునూ గుడినీ ఒత్తునూ విడివిడిగా కూర్చి పెట్టాయి. అందుకే ఆ ఫాంటు లేని టాబ్లెట్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు మాయమై ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. ఇందుకు భిన్నంగా యూనికోడ్ అనే అంతర్జాతీయ ఏర్పాటులో ప్రతి వర్ణానికీ సొంత సంఖ్య ఉంది. 'క'కు 3093 అన్న సంఖ్య ఏ దేశంలో, ఏ యంత్రంలో చూసినా 3093గానే ఉంటుంది, 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు సంఖ్యల వరుసగా నిలిచి ఎక్కడైనా ఒకేలా చదవబడుతుంది. టాబ్లెట్ తెర మీది తెలుగు కీబోర్డూ, 2017 ఆగస్టు నుంచి గూగుల్ అందిస్తున్న తెలుగు వాయిస్ టైపింగూ ఇచ్చేది యూనికోడ్ పాఠమే. విండోస్‌తో నడిచే టాబ్లెట్లలో పాత ప్రోగ్రాములు పనిచేసే అవకాశం ఉన్నా, వాటి చిన్న తెర మీద పేజీలు కూర్చడం కంటికి భారం. తెర మీద సాఫీగా సాగే తెలుగు టైపింగు విడిగా తగిలించిన కీబోర్డులో సాగకపోవచ్చు కాబట్టి, కొనే ముందు దుకాణంలోనే నాలుగు వాక్యాలు టైపు చేసి చూసుకోవడం అవసరం.

కాబట్టి బస్సులోనో కోర్టు వరండాలోనో టాబ్లెట్ మీద పూర్తయిన తెలుగు వ్యాసం, కార్యాలయంలో పాత ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరి మళ్లీ మొదటి నుంచి ప్రూఫు దిద్దించుకొనే పరిస్థితి వస్తే, ఆ తప్పు పలకదీ కాదు, రాసినవారిదీ కాదు. పత్రికలూ ప్రచురణ సంస్థలూ ముద్రణాలయాలూ తమ పేజీల కూర్పును ఇకనైనా పూర్తిగా యూనికోడ్‌కు మార్చుకోవాలి. తెలుగు రచయితకు ల్యాప్‌టాప్ మోయవలసిన అవసరంలో సగం ఆ రోజుతోనే తీరిపోతుంది.