త్రీనాట్‌త్రీ ఒంటి మీది నలుపు

ఒకప్పుడు పోలీసు కానిస్టేబులు భుజాన కనిపించిన త్రీనాట్‌త్రీ (.303) రైఫిలును మన దగ్గర గుర్తుపట్టని వారు తక్కువ. దాని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. బోల్టు, మ్యాగజీను జేమ్స్ ప్యారిస్ లీ ఆలోచన. గొట్టం ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారానిది. 1907 నాటి మార్క్ 3 నమూనాను బెంగాల్లోని ఇషాపూర్ కర్మాగారం దశాబ్దాలపాటు తయారుచేసింది. 1962 చైనా యుద్ధం తరవాత 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగ్గట్టు మార్చి, 2ఏ, 2ఏ1 అని పేరు పెట్టింది.

ఈ తుపాకీకి మొదట్లో పెయింటు లేదు. ఉక్కుకు కావాలనే పలచగా తుప్పు పట్టించి, మరిగే నీళ్లలో ఆ తుప్పును నల్లటి ఆక్సైడుగా మార్చి, రుద్ది, మళ్లీ మొదలుపెట్టేవారు. అందమైన పనే, కానీ అంత తీరిక ఎవరికి? రెండో ప్రపంచ యుద్ధం తరవాత లివర్‌పూల్ దగ్గరి ఫజాకర్లీ కర్మాగారం లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 నమూనా రైఫిళ్లను వేడి ఫాస్ఫేటు స్నానంలో ముంచి, పైన నల్ల పెయింటు పూసి, పొయ్యిలో కాల్చింది. ఫాస్ఫేటు స్ఫటికాలు గరుకుగా ఉంటాయి కాబట్టి పెయింటు వాటిని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పెయింటును తుపాకుల ప్రేమికులు సన్‌కొరైట్ అంటారు. ఇషాపూర్ 2ఏ1 కూడా ఫాస్ఫేటు మీద నల్ల పెయింటుతోనే వచ్చింది.

ఈ పెయింటు ఊడిన చోట మళ్లీ వేయాలంటే, నలుపే కదా, డబ్బా తెచ్చి పూస్తే సరిపోదా? సరిపోదు. నల్లరంగులో మసి రేణువులు సన్నగా ఉంటే చిక్కటి నీలిఛాయ, ముతకగా ఉంటే గోధుమఛాయ. పైగా మెరుపు మారితే నలుపూ మారినట్టే కంటికి తోస్తుంది. అందుకే మరమ్మతు చేసే పనివాడు ముందు చెక్కను ఊడదీసి, గొట్టం అడుగున ఎండ తగలని చోట చూస్తాడు. చేతి చెమటా నూనెలూ తాకని అసలు పొర అక్కడే మిగులుతుంది. 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ప్రతి తరంగం ఎంత తిరిగి వస్తోందో స్పెక్ట్రోఫొటోమీటరు కొలుస్తుంది. పగటి వెలుగులో సరిపోయిన రెండు పెయింట్లు ట్యూబులైటు కింద విడిపోవచ్చు. వర్ణద్రవ్యాలు వేరైతే వచ్చే చిక్కిది. రెండు వెలుతుర్లలోనూ చూడనిదే పని ముగిసిందనకూడదు.

నలుపు కన్నా ఎరుపు ఇంకా మొండిది. 1940లో బ్రిటిష్ హోంగార్డుకు అమెరికా నుంచి అందిన ఎన్‌ఫీల్డ్ పీ17 రైఫిళ్ల తూటా .303 కాదు. పొరపాటున ఆ తూటా పెట్టకుండా చెక్క మీద ఎర్ర పట్టీ గీశారు. ఆ ఎరుపు ఎండకు వెలిసి, చేతులకు అరిగి, నూనెకు నల్లబడింది. ఇప్పుడు దాన్ని కొత్త ఎరుపుతో సరిచేయడం, నా లెక్కలో, చరిత్రను తుడిచేయడమే.

మీ చేతికి అలాంటి తుపాకీ ఏ మ్యూజియంలోనైనా మరమ్మతుకు వస్తే, రంగు వేసేముందు ఫొటో తీయండి. చెక్క కింద పాత పొరను కొంత మేర ముట్టకుండా వదిలేయండి.