ఓడిపోతుందని ముందే తేలిన యంత్రం

యాంటీవైరస్ ఏనాటికీ తప్పు లేకుండా పనిచేయలేదని గణితం తేల్చేసింది. ఆ తీర్పు వచ్చేనాటికి దుకాణాల్లో యాంటీవైరస్ అనే సరుకే లేదు.

తీర్పు చెప్పినవాడు ఫ్రెడ్ కోహెన్. 1983లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో చదువుతున్నాడు. నవంబరు మొదటివారంలో, ఇతర ప్రోగ్రాములకి తనంతట తానే అంటుకునే ప్రోగ్రామ్ ఆలోచన తట్టింది, వారం తిరిగేసరికి సెమినార్‌లో చేసి చూపించాడు. వ్యాక్స్ 11/750 మెషీన్ మీద, ఫైళ్ల అమరికను బొమ్మగా చూపించే ఒక చిన్న ప్రోగ్రామ్‌లో తన కోడ్ దాచి నలుగురికీ వాడుకోమని ఇచ్చాడు. అయిదుసార్లు చేస్తే అయిదుసార్లూ గంటలోపే మొత్తం సిస్టమ్ చేతికి వచ్చింది. ఒకసారైతే అయిదు నిమిషాలే పట్టింది. ఆ కోడ్‌ని ‘వైరస్’ అనమని సూచించినవాడు ఆయన గురువు లియోనార్డ్ ఆడెల్‌మన్. ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్ పేరులో చివరి అక్షరం ఆయనదే. ఫలితాలు చూసి హడలిపోయిన నిర్వాహకులు ఇలాంటి ప్రయోగాలు ఇక వద్దన్నారు. ప్రయోగం ఆగింది కానీ కాగితం మీద లెక్క ఆగలేదు. 1984లో పేపర్ వచ్చింది.

ఆ లెక్కకి పెద్ద చదువు అక్కర్లేదు. ఏ ప్రోగ్రామ్‌ని ముందు పెట్టినా ‘వైరస్’, ‘కాదు’ అని పొల్లుపోకుండా చెప్పే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. నేనొక కొంటె ప్రోగ్రామ్ రాస్తాను. అది లేస్తూనే ఆ పరీక్షని పిలిచి తన గురించే అడుగుతుంది. ‘నువ్వు వైరస్‌వే’ అంటే కిక్కురుమనకుండా ఆగిపోతుంది. ‘కాదు’ అంటే వెంటనే పక్క ఫైళ్లకి అంటుకుంటుంది. ఇక ఆ పరీక్ష ఏం చెప్పినా తప్పే. అంటే అలాంటి పరీక్ష ఉండటానికి వీల్లేదు. ఎవరు ఏం చేసినా రెండు తప్పుల్లో ఒకటి జరుగుతూనే ఉంటుంది: ఏదో ఒక వైరస్ కన్నుగప్పి లోపలికి వస్తుంది, లేదా ఏ పాపమూ ఎరగని ప్రోగ్రామ్ మీద వైరస్ ముద్ర పడుతుంది.

కోహెన్ వైరస్‌కి ముత్తాత లేకపోలేదు. 1971లో బీబీఎన్ సంస్థలో బాబ్ థామస్ రాసిన క్రీపర్, ఇంటర్నెట్‌కి ముందున్న అర్పానెట్ నెట్‌వర్క్‌లో ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి తిరుగుతూ చేతనైతే పట్టుకోమని కవ్వించేది. దాన్ని వెంటాడి చెరిపే రీపర్‌ని రాసినవాడు రే టామ్లిన్సన్. ఈమెయిల్ అడ్రసులో ఎట్ గుర్తు పెట్టిందీ ఆయనే. అదంతా నలుగురు ఇంజనీర్ల సరదా.

బజారున పడ్డ కథ మాత్రం లాహోర్‌లో మొదలైంది. 1986లో బాసిత్, అంజద్ ఫారూఖ్ అల్వీ అనే అన్నదమ్ములు అల్లామా ఇక్బాల్ టౌన్‌లో కంప్యూటర్ షాపు నడిపేవారు. వాళ్లు రాసిన బ్రెయిన్, ఐబీఎం పీసీలకు సోకిన మొదటి వైరస్. ఫ్లాపీలో మొట్టమొదటి సెక్టార్, కేవలం 512 బైట్లు, మెషీన్ ఆన్ కాగానే చదివేది దాన్నే. బ్రెయిన్ అక్కడ కూర్చుని, అసలు సెక్టార్‌ని ఫ్లాపీలో ఇంకోచోటికి జరిపేది. తన మిగతా కోడూ ఆ అసలు సెక్టారూ ఉన్న మూడు కిలోబైట్ల జాగాని పాడైపోయిన సెక్టార్లుగా గుర్తు పెట్టేది, ఎవరూ అటు పోకుండా. అక్కడితో ఆగలేదు. ఎవరైనా అనుమానం వచ్చి మొదటి సెక్టార్ చూపించమంటే, ఆ అభ్యర్థనని మధ్యలోనే పట్టుకుని, దాచిపెట్టిన పాత సెక్టార్‌ని ముందు పెట్టేది. చూసేవాడికి అంతా సవ్యంగానే కనబడుతుంది. ఇంత దొంగతనం చేసి కోడ్‌లో తమ పేర్లు, షాపు అడ్రసు, ఫోన్ నంబర్లు రాసుకున్నారు, మందు కావాలంటే సంప్రదించమని! తమ సాఫ్ట్‌వేర్‌ని కాపీ కొట్టేవాళ్లని పట్టుకోవడానికే రాశామని అన్నదమ్ములు తర్వాత చెప్పారు. ఆ ఫ్లాపీలు అమెరికా దాకా వెళ్లాయి.

ఒకే ఫ్లాపీకి రెండుసార్లు అంటుకోకుండా బ్రెయిన్ ఆ సెక్టార్ మొదట్లో ఒక గుర్తు వేసుకునేది. వైరస్‌ని పట్టించే ఆధారం అలా వైరస్ ఒంటిమీదే దొరికింది. టెన్త్ సర్టిఫికెట్ మీద మనిషి ఆనవాలుగా పుట్టుమచ్చలు రాస్తారు చూడండి, యాంటీవైరస్‌లో సిగ్నేచర్ అంటే అదే. ఒక వైరస్‌లో తప్ప ఇంకెక్కడా కనబడని కొన్ని బైట్ల వరస. 1987లో అమ్మకానికి వచ్చిన మొదటి తరం యాంటీవైరస్‌ల పనంతా ఫైలు తర్వాత ఫైలు తెరిచి ఆ వరస కోసం వెతకడమే. జాబితాలో లేని కొత్త వైరస్ ఎదురుగా వచ్చి నిలబడినా దానికి తెలిసేది కాదు.

పుట్టుమచ్చని వైరస్ రాసేవాళ్లు ఎక్కువకాలం ఉండనివ్వలేదు. 1990ల మొదట్లో బల్గేరియాలో డార్క్ అవెంజర్ అనే మారుపేరుతో ఒకడు మ్యుటేషన్ ఇంజన్ వదిలాడు. అది తగిలించుకున్న వైరస్ కాపీ కాపీకీ తన కోడ్‌ని కొత్త ముసుగులో దాచుకుని, ఆ ముసుగు తీసే భాగాన్ని కొత్తగా రాసుకుంటుంది. వెతకడానికి ఒకే వరస ఉండదు. దాంతో యాంటీవైరస్ తన పద్ధతి మార్చుకుంది. అనుమానపు ఫైలుని ఒక ఉత్తుత్తి కంప్యూటర్ లోపల కాసేపు నడవనిచ్చి, అది ముసుగు తీసేదాకా కాచుకుని కూర్చోవడం నేర్చుకుంది. నా దృష్టిలో ఈ యంత్రం జీవితంలో తెలివైన ఘట్టం ఇదే. ఇవాళ ఏవీ-టెస్ట్ సంస్థ లెక్కలో రోజుకి నాలుగున్నర లక్షల పైచిలుకు కొత్త హానికర, అవాంఛిత ప్రోగ్రాములు చేరుతున్నాయి. మచ్చలు వెతుక్కుంటూ కూర్చుంటే తెమిలే పని కాదు.

మన దేశంలో ఒక యాంటీవైరస్ రిపేరు బల్ల మీద పుట్టింది. పుణెలో క్యాలిక్యులేటర్లు బాగుచేసే కైలాష్ కాట్కర్ కంప్యూటర్ల రిపేరులోకి వచ్చాడు. షాపుకొచ్చే మెషీన్లలో వైరస్‌లే ఎక్కువ కనబడుతుంటే, తమ్ముడు సంజయ్ వాటిని తుడిచే ప్రోగ్రాములు రాశాడు. క్విక్ హీల్ అలా వచ్చింది.

ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌ల కాలం. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని ఇంటికొస్తే పెన్‌డ్రైవ్‌లో ‘న్యూ ఫోల్డర్’ ఒకటి కొత్తగా కనబడేది. పసుపుపచ్చ ఫోల్డర్ బొమ్మే, కానీ ఫోల్డర్ కాదు, ఈఎక్స్‌ఈ ఫైలు. తెలిసిన ఫైళ్ల పేర్ల చివర ఎక్స్‌టెన్షన్‌ని విండోస్ మామూలుగా చూపించదు. ఆ పురుగుకి కావాల్సింది అంతే. ఇవాళ్టికీ విండోస్‌లో ఆ సెట్టింగు అలాగే వస్తుంది. ‘వ్యూ’ మెనూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్ పెట్టుకోవాలి. పెట్టుకుంటే ‘ఇన్వాయిస్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ లాంటి మెయిల్ అటాచ్‌మెంట్ మాయ, దించుకున్నాక తెరవకముందే బయటపడుతుంది.

ఇక కోహెన్ లెక్క చెప్పిన రెండో తప్పు, ఏ పాపమూ ఎరగని ప్రోగ్రామ్ మీద ముద్ర. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే యాంటీవైరస్ కంపెనీ పంపిన అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణం లాంటి ఎస్‌వీసీహోస్ట్ ఫైలుని వైరస్ అనుకుని పట్టుకుంది. ఎన్నో ఆఫీసుల్లో కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. అప్పుడు మెకాఫీ సాంకేతిక విభాగం పెద్ద జార్జ్ కుర్ట్జ్. ఆయనే తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ కంపెనీని స్థాపించినవారిలో ఒకడు. 2024 జులై 19 ఉదయం, మన టైము ప్రకారం 9:39కి, ఆ కంపెనీ ఒక చిన్న అప్‌డేట్ పంపింది. ఈసారి జరిగింది తప్పు ముద్ర కాదు, లెక్క తప్పడం. ప్రోగ్రామ్‌కి అందాల్సిన విలువలు 21, అందినవి 20. లేని ఇరవై ఒకటోదాని కోసం మెమరీలో తడుముకుంటూ, విండోస్ గుండెకాయ అయిన కెర్నల్‌లో కూర్చున్న ఆ సాఫ్ట్‌వేర్ తనతోపాటు విండోస్‌ని కూడా పడగొట్టింది. మైక్రోసాఫ్ట్ అంచనాలో 85 లక్షల కంప్యూటర్లకి నీలం తెర మిగిలింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. తప్పుని 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే పడిపోయిన మెషీన్లలో చాలావాటి దగ్గరకి మనిషే వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలుని చేత్తో తీసేయాల్సి వచ్చింది. రక్షణ కోసం పెట్టుకున్నదానికి ఇంటి తాళాలన్నీ ఇస్తే జరిగేది ఇదే. ఇవ్వకపోతే అది పనిచేయదు.

యాంటీవైరస్ కంటే చవకైన రక్షణ విండోస్ అప్‌డేట్. 2017 మే 12న వన్నాక్రై అనే పురుగు ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే, విండోస్ ఫైల్ షేరింగ్‌లోని కంత గుండా దూరింది. ఫైళ్లకి తాళం వేసి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ కంత పూడ్చే ప్యాచ్ మార్చి 14నే వచ్చి ఉంది. తాళం పడ్డాక యాంటీవైరస్ చేసేదేమీ లేదు, కాపీ ఉంటేనే ఫైళ్లు. అదీ ఎప్పుడూ తగిలించి ఉంచిన హార్డ్‌డిస్కులో ఉంటే దానికీ తాళం పడుతుంది. కాపీ అవగానే పీకి పక్కన పెట్టాలి.

విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ సిస్టమ్‌తోపాటే ఉచితంగా వస్తోంది, ఇంటి కంప్యూటర్‌కి అది చాలు. చిక్కల్లా డబ్బు కట్టకుండా వాడుకునేలా చేసే క్రాక్ సాఫ్ట్‌వేర్‌తోనే. దాంతోపాటు వచ్చే నోట్‌ప్యాడ్ ఫైల్లో మొదటి సూచన, ముందు యాంటీవైరస్ ఆపేయండి అని. క్రాక్ ఇంకో ప్రోగ్రామ్ కోడ్‌ని మారుస్తుంది కాబట్టి మామూలుగానే దానిమీద వైరస్ ముద్ర పడుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఇంకా బాగా తెలుసు. డిఫెండర్ అడ్డుపడుతుంది, మనవాడు ‘అలౌ’ నొక్కుతాడు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులూ, లాగిన్ అయి ఉన్న ఖాతాల కుకీలూ నిమిషాల్లో బయటికి వెళ్లిపోతాయి. వాటిని మార్చాలన్నా ఆ కంప్యూటర్ నుంచి కాదు, ఇంకో మెషీన్ నుంచి మార్చాలి, ‘అన్ని డివైసుల నుంచి సైన్ అవుట్’ కూడా నొక్కాలి. కుకీ ఉన్నవాడికి పాస్‌వర్డుతో పనిలేదు.