సరిహద్దు దాటినను మారని సెల్‌ఫోను సంఖ్య

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. నేడది తిరువళ్లూరు జిల్లాలోనిది. ఐనను అచ్చటి తెలుగువారికి నగరి, పుత్తూరులతో బంధుత్వములు తెగలేదు. ఈ రాకపోకలకు నేడు సెల్‌ఫోను సంఖ్య ముఖ్యాధారము. అది మారినచో ఎందఱికో జాడ తప్పును.

సంస్థను మార్చినను సంఖ్యను నిలుపుకొను ఏర్పాటు 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికిని వ్యాపించినది. కాని అప్పుడది ఒక్కొక్క టెలిఫోను సర్కిలునకే పరిమితము. తిరుత్తణి తమిళనాడు సర్కిలులోను, నగరి ఆంధ్రప్రదేశ్ సర్కిలులోను ఉండుటచే, అటునిటు కాపురము మార్చినవారు పాతసంఖ్యను క్రొత్తచోటి సంస్థకు మార్చుకొనజాలకుండిరి. 2015 జూలై 3న ఆ అడ్డంకి తొలగినది.

విధానము సులభము. పాతసంస్థలో 90 దినములు నిండి, బిల్లు బాకీ లేనివారు ‘పోర్ట్’ అను ఆంగ్లపదమును, తమ సంఖ్యను 1900కు సందేశముగా పంపినచో ఎనిమిది అక్షరముల సంకేతము వచ్చును. ఈ ప్రాంతమున దాని గడువు నాలుగు దినములు. ఆలోపల గుర్తింపుపత్రముతో క్రొత్తసంస్థకు దరఖాస్తు చేయవలెను. ఒకే సర్కిలులో 3, సర్కిలు మారినచో 5 పనిదినములలో మార్పు జరుగును. ముందుగా చెల్లించి మిగిలిన సొమ్ము మాత్రము వెంట రాదు.

కాపురము సరిహద్దు దాటినను, బంధువులు పిలుచు సంఖ్య మారనక్కరలేదు.